లిండెమాన్ దొర నోటిమాట

కాస్పర్ లిండెమాన్ కొలువు వదిలాక, ఇన్నేళ్ళు సర్కారు పని చేశారు కదా, ఏం సాధించారని ఎవరైనా అడిగితే ఆయన జవాబు ఒకటే: "ఇళ్ళని నడిపించాను." అడిగినవాళ్ళు అదేదో పెద్దమాట అనుకుని గంభీరంగా తలాడించేవారు. పెద్దమాటేం కాదు, ఉన్నమాటే. జావా కొండపల్లెల్లో ఇల్లంటే టేకు గుంజలు, వెదురు తడికెలు, పైన గడ్డికప్పు. గుంజలు నేలలో పాతరు, రాళ్ళ మీద నిలబెడతారు. అడుగున బొంగులు కట్టి నలభైమంది భుజాలు కలిపితే ఇల్లు ఉన్నపళాన లేచి బయల్దేరుతుంది. అన్నదమ్ములు విడిపోయినప్పుడో, అత్తాకోడళ్ళకి పడనప్పుడో ఇంటిని అటో ఇటో జరుపుకోవడం వాళ్ళకి మామూలే. లిండెమాన్ చేసిందల్లా, ఎవరికీ అవసరం లేకుండా ఒకేసారి ఇరవై ఏడు ఇళ్ళు జరిపించడం. అదీ నోట్లో అరటిపండు పెట్టుకుని.

ఆయన సెమరాంగ్‌లో పుట్టాడు. తండ్రి హాలండు నుంచి వచ్చిన చక్కెర మిల్లు మెకానిక్కు. కొడుక్కి తన ఇంటిపేరు రాయించి, వాడికి ఏడేళ్ళు నిండకముందే జ్వరంతో పోయాడు. తల్లి రుబియమ్ ఆ మిల్లు పక్క పల్లె మనిషి. వంటింట్లో తల్లి భాష, బళ్ళో తండ్రి భాష నేర్చుకున్న కుర్రాడు ఇరవై మూడో ఏట రాజధాని బటావియాలో దొరల కొలువు పరీక్షకి కూర్చున్నాడు. కంటితో చూడని హాలండులో ఏ నది ఏ నెలలో ఎక్కడ పొంగుతుందో పొల్లు పోకుండా రాసి నెగ్గాడు. బంగారు పట్టీ ఉన్న టోపీ వచ్చింది, వెనకాల గొడుగు పట్టుకు నడిచే మనిషి వచ్చాడు, కంట్రోలర్ అన్న హోదా వచ్చింది. కంట్రోలరంటే హాలండు సర్కారు వరసలో పల్లెకి అన్నిటికంటే దగ్గరగా నిలబడే తెల్లదొర. తాను పూర్తిగా తెల్లదొరని కాదన్న సంగతి లిండెమాన్‌కి అద్దం చెప్పినదానికంటే పైదొర రెసిడెంటు ఇంటి విందులు ఎక్కువ చెప్పేవి. ఆయన కుర్చీ ఎప్పుడూ బల్ల చివర, వడ్డించేవాళ్ళు వచ్చిపోయే తలుపు పక్కనే. పంతొమ్మిదేళ్ళు ఆ హోదాలోనే ఉండిపోయాడు. తనతో పరీక్ష రాసినవాళ్ళలో ఇద్దరు రెసిడెంట్లయ్యారు. "వాళ్ళు ఎక్కారు, నేను వేళ్ళు తన్నాను," అనేవాడు.

1887 ఎండాకాలంలో ఆయన సుంబింగ్ కొండ కింది కరంగ్‌సోకా పల్లెకి తనిఖీకి వెళ్ళాడు. విడిది బంగళా వసారాలో కూర్చుని వేయించిన అరటిపండు తింటున్నాడు. పక్కనే చేతులు కట్టుకుని ఆ తాలూకా పెద్ద, రాడెన్ ప్రవిరో. వెదానా అంటారు ఆ పదవిని. మూడు తరాలుగా దొరల ముందు చేతులు కట్టుకున్న వంశం కాబట్టి ఆయన చేతులు కట్టుకోవడంలో కూడా ఒక దర్జా ఉండేది.

"ఆ ఇళ్ళు అడ్డం లేకపోతే ఇక్కణ్ణుంచి కొండ మొత్తం కనపడేది," అన్నాడు లిండెమాన్.

"చిత్తం," అన్నాడు ప్రవిరో.

అంతే. ఇంకేమీ జరగలేదు. లిండెమాన్ రెండో అరటిపండు తీసుకున్నాడు.

అక్టోబరులో మళ్ళీ వెళ్ళేసరికి అదే వసారాలోంచి కొండ పాదాలతో సహా కనిపించింది. గాలి తేటగా ఉంది కాబోలనుకున్నాడు. కాస్సేపటికి గాని కంటికి ఆనలేదు, ముందున్న మెరక మీద గుంజల రాళ్ళు తప్ప ఇళ్ళు లేవని. ఇళ్ళన్నీ కింద ఏటిపక్క పల్లంలో వరసగా, బళ్ళో పిల్లల్లా కూర్చుని ఉన్నాయి.

"ఎందుకు దిగారు వీళ్ళు?"

"నీళ్ళు దగ్గర, బాట దగ్గర. వాళ్ళంతట వాళ్ళే ముచ్చటపడ్డారు దొరగారూ," అన్నాడు ప్రవిరో.

లిండెమాన్ నమ్మాడు. నమ్మితే ఎంత హాయిగా ఉంటుందో అంత గట్టిగా నమ్మాడు. ఆ నెల నివేదికలో, పల్లెవాసులు తమ మేలు తామే గ్రహించి స్వచ్ఛందంగా నీటివసతి గల చోటికి తరలారని, ఇది ప్రజల్లో కలుగుతున్న చైతన్యానికి గుర్తని రాశాడు. చైతన్యం అన్న మాట ఆయనకే నచ్చి రెండుసార్లు వాడాడు. రెసిడెంటుకి మరీ నచ్చింది. ఈ పని ఆదర్శప్రాయమని మెచ్చుకుంటూ, లిండెమాన్‌ని అసిస్టెంట్ రెసిడెంటుగా వెయ్యమని బటావియాకి సిఫారసు పంపాడు. డిసెంబరుకల్లా ఉత్తర్వు వస్తుందని కబురు.

నవంబరు మొదటివారంలో రుబియమ్ వంటింటి గడప మీద కూర్చుని చిక్కుళ్ళు ఈనెలు తీస్తూ కొడుకుని పిలిచింది. ఊరందరికీ దొర అయినా ఆవిడకి మాత్రం ఆయన మిల్లు మెకానిక్కు కొడుకే.

"ఒరే కాస్పర్, కరంగ్‌సోకాలో కొండ బాగా కనిపిస్తోందటగా?"

"నీకెవరు చెప్పారు?"

"మిరపకాయలమ్మే మనిషి. కొండ చూడ్డానికి మీవాడు ఊరిని ఏట్లోకి దింపాడటగా అంది. మావాడికంత బుర్ర ఎక్కడిదమ్మా, ఏదో నోరు జారి ఉంటాడన్నాను."

"నేనేం ఆజ్ఞ ఇవ్వలేదమ్మా. వాళ్ళే దిగారు."

"ఏమన్నావో అది చెప్పు."

"ఏమన్నానూ? ఇళ్ళు అడ్డం లేకపోతే కొండ కనపడేదన్నాను."

రుబియమ్ చేతిలో చిక్కుడుకాయ చేతిలోనే ఉండిపోయింది. "నా చిన్నప్పుడు వెదానాగారు మా వాకిట్లో ఆగి, మేక బాగుందే అన్నాడు. ఆ పూటే మా నాన్న దాన్ని తోలుకెళ్ళి ఆయన పెరట్లో కట్టేసి వచ్చాడు. ఈ కథ నీకెన్నిసార్లు చెప్పానురా?"

"చాలాసార్లు."

"ప్రతిసారీ నవ్వేవాడివి."

"మేక కథ అనుకుని నవ్వానమ్మా. కొలువు కథ అనుకోలేదు."

"ఇప్పుడనుకో. ఇంకో నెలన్నరలో ఆ పల్లంలోకి ఏరొస్తుంది. పిల్లాజెల్లా అక్కడే పడుకుంటున్నారు. ఆ సంగతి మిరపకాయల మనిషికి తెలుసు, ఆవిడ గుర్రానికీ తెలుసు."

కంటితో చూడని దేశంలో ఏ నది ఎక్కడ పొంగుతుందో రాసి ఉద్యోగం సంపాదించినవాడు, పంతొమ్మిదేళ్ళుగా దాటుతున్న ఏరు ఎక్కడ పొంగుతుందో మిరపకాయలమ్మే ఆవిడ గుర్రాన్ని అడిగి తెలుసుకోవలసి వచ్చింది. ఈ ముక్క తర్వాత్తర్వాత ఆయనే పదిమందికీ చెప్పుకునేవాడు. ఆ రోజు మాత్రం నవ్వు రాలేదు.

మర్నాడే గుర్రమెక్కి కరంగ్‌సోకా వెళ్ళాడు. వెదానానీ, ఊరిపెద్ద కెర్తోనీ పిలిపించాడు. కెర్తో బక్కపలచటి మనిషి, దొరల ముందు నేల చూపులు చూస్తూ ఎదటివాడి చెప్పులని బట్టి వాడి మనసు కనిపెట్టేవాడు.

"కెర్తో, నేను ఇళ్ళు తియ్యమని చెప్పలేదు. మీరు మళ్ళీ పైకి వెళ్ళిపోవచ్చు."

"చిత్తం దొరగారూ. వెళ్ళమన్నారా?"

"వెళ్ళమనడం లేదు. మీకిష్టమైతే వెళ్ళండంటున్నాను."

"చిత్తం. దొరగారికి ఏది ఇష్టం?"

"నా ఇష్టం అడక్కు. మీ ఇష్టం చెప్పు."

"దొరగారి ఇష్టమే మా ఇష్టం."

"నాకు ఏ ఇష్టమూ లేదు కెర్తో."

కెర్తో వెదానా వైపు చూశాడు. ఇష్టం లేని దొరని అతనెప్పుడూ చూడలేదు. ఇదేదో కొత్తరకం పరీక్ష అయి ఉంటుంది.

"కింద చాలా బాగుందండి," అన్నాడు కెర్తో జాగ్రత్తగా. "పిల్లలకి స్నానాలకి బాగుంది."

"వానాకాలంలో ఏరొస్తే?"

"స్నానాలకి ఇంకా దగ్గరండి."

ప్రవిరో నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని దగ్గాడు. అది దగ్గు కాదని లిండెమాన్‌కి తెలుసు. తన ఉద్యోగమంతా ఆ దగ్గులోనే ఉందనిపించింది.

ముక్కుసూటిగా చెబితే పని జరగడం లేదు కాబట్టి తెలివి ఉపయోగిద్దామనుకున్నాడు. తెలివి ఉపయోగించిన ప్రతిసారీ తనకి ఏమైందో గుర్తుంటే ఆ పని చేసేవాడు కాదు. ఒక్కమాటతో దిగిన ఇళ్ళు ఒక్కమాటతో ఎక్కవా అని, వసారాలో వాలుకుర్చీలో కూర్చుని, కొండవైపు చూసి, ఉత్తినే అన్నట్టు అన్నాడు.

"ఇళ్ళు లేకపోయేసరికి మెరక బోసిగా ఉంది ప్రవిరోగారూ."

"చిత్తం," అన్నాడు ప్రవిరో.

పదిరోజుల తర్వాత వెళ్ళి చూస్తే మెరక మీద ఆరు ఇళ్ళు చక్కగా నిలబడి ఉన్నాయి. లిండెమాన్ ప్రాణం లేచొచ్చింది. తరవాత పల్లంలోకి చూశాడు. అక్కడ ఇరవై ఏడూ అలాగే ఉన్నాయి. ఆ ఆరూ కోసెడు దూరంలో కొండ మీది మరో పల్లె నుంచి మోసుకొచ్చినవి.

"ఇవి ఎందుకు తెచ్చారు?" అనగలిగాడు ఎలాగో.

"రెసిడెంటుగారు మెచ్చుకున్న ఊరిని మళ్ళీ కదిపితే మీ నివేదికకి మాటొస్తుంది కదండీ," అన్నాడు ప్రవిరో ఆప్యాయంగా. "అందుకని బోసి తీరేటట్టు వేరేవి తెప్పించాను. మీకు ఎర్రపూల చెట్లు ఇష్టమేమోనని అవీ వేయిస్తున్నాను."

"ఆ ఆరిళ్ళవాళ్ళ పొలాలో?"

"పొలాలు అక్కడే ఉన్నాయండి. పొలాలు మొయ్యలేం కదా."

ఆ సాయంత్రం ఇంటికొచ్చి తల్లికి చెప్పాడు. రుబియమ్ అంతా విని, "ఇంకొక్క మాట అంటే సెమరాంగ్ కూడా కదులుతుందిరా," అంది. "ఇక నోటితో ఏమీ చెప్పకు. కాగితం మీద రాయి."

కాగితం మీద రాయడమంటే ఏమిటో లిండెమాన్‌కి తెలుసు. రెసిడెంటు మెచ్చుకుని బటావియాకి ఎక్కించిన పనిని రద్దు చెయ్యాలంటే కారణం చూపించాలి. చూపించగల కారణం ఒకటే: తాను రాసింది తప్పని. వెదానా అయినా అంతకు తక్కువ కాగితానికి కదలడు. ఇళ్ళు పైకెక్కితే తన కుర్చీ తలుపు పక్కనే ఉండిపోతుంది.

నాలుగు ఉత్తరాలు రాశాడు. మొదటిదానిలో "అనివార్య పరిస్థితుల దృష్ట్యా" అని మొదలెట్టాడు. చదువుకుని చూస్తే, తప్పు చేసింది పరిస్థితులే అన్నట్టుంది. రెండోదానిలో తప్పంతా ప్రవిరో మీదికి పోయింది. వాక్యాలు బాగా కుదిరాయి. అందుకే అనుమానమొచ్చి చింపేశాడు. మూడోదానిలో ప్రజల అజ్ఞానం గురించి ఒక పేజీ ఉంది. అది రాస్తున్నప్పుడు చెయ్యి ఎంత సులువుగా ఆడిందంటే తనకే భయమేసింది. నాలుగోది అయిదు వాక్యాలు. కొండ కనపడాలని తాను వసారాలో ఒక మాట అన్నాననీ, దాన్ని ఆజ్ఞ అనుకుని ఊరు దిగిందనీ, స్వచ్ఛందంగా దిగారని తాను రాసింది నిజం కాదనీ, పల్లం మునిగే చోటు కాబట్టి జవాబు కోసం ఆగకుండా వాళ్ళని వెనక్కి పంపుతున్నాననీ, చైతన్యం తన సొంత కల్పన అనీ.

"పెద్ద ఉద్యోగం పోతుందా?" అని అడిగింది రుబియమ్, ఉత్తరం లక్కతో అంటిస్తుంటే.

"పోతుంది."

"నీకు బాధగా ఉందా?"

"చాలా ఉందమ్మా. లేదని చెబుదామనుకున్నాను గాని, నువ్వు నమ్మవు."

"నమ్మను," అంది ఆవిడ. "లక్క వేళ్ళ మీద పడుతోంది, చూసుకో."

మర్నాడు సంతకం పెట్టిన ఆజ్ఞ పట్టుకుని తానే కరంగ్‌సోకా వెళ్ళి చదివాడు. ఇరవై ఏడు ఇళ్ళూ మెరకకి, ఆరిళ్ళూ వాటి పాత పల్లెకి, వారం లోపల. కెర్తో మొదటిసారి తలెత్తి చూశాడు.

"ఇది నిజం ఆజ్ఞేనా దొరగారూ?"

"నిజం ఆజ్ఞే."

"అయితే మొదటిది?"

"మొదటిది అరటిపండు."

ఊరు కదిలింది. నలభైమంది ఒక పాటందుకుని ఇంటి కిందికి దూరితే గడ్డికప్పు తాబేలు వీపులా ఊగుతూ మెరకెక్కడం మొదలెట్టింది. లిండెమాన్‌కి గుండె నిండిపోయి, టోపీ తీసి, తానూ ఒక బొంగు కింద భుజం పెట్టాడు. దానితో పాట ఆగింది. దొర పక్క మోసేవాళ్ళు ఆయనకి తగలకుండా ఒదిగి నడవబోతే ఇల్లు ఒక పక్కకి ఒరిగింది. గొడుగు మనిషి దొర తలమీద గొడుగు పట్టే దారిలేక ఇంటి చూరుకి అడ్డంగా పట్టాడు. గొడుగు చూరులో ఇరుక్కుంది. కెర్తో పరుగున వచ్చాడు.

"దొరగారూ, తమరు వసారాలో కూర్చుని మమ్మల్ని చూస్తూ ఉంటే మాకు బలమొస్తుందండి."

"ఇక్కడుంటే రాదా?"

"ఇక్కడుంటే ఇల్లు పడిపోతుందండి."

వెళ్ళి కూర్చున్నాడు. అయిదు రోజుల్లో ఇరవై ఆరు ఇళ్ళు ఎక్కాయి. ఇరవై ఏడోది కదల్లేదు. అది సదినా అనే ముసలామెది. భర్త పోయాడు, పిల్లలు లేరు, ఆరు కోళ్ళున్నాయి. మోసేవాళ్ళు వెళ్తే చీపురు తిరగేసిందట. కెర్తో ఈ కబురు చెప్పడానికి నాలుగుసార్లు గొంతు సవరించుకున్నాడు. లిండెమాన్ తానే దిగి వెళ్ళాడు.

"నేను రాను," అంది సదినా. "ఇంకోసారి అడిగినా రాను."

ఆ మాట సరిగ్గా విన్నానో లేదోననుకున్నాడు లిండెమాన్. ఈ జిల్లాలో పంతొమ్మిదేళ్ళుగా ఎవరూ ఆయనతో అనని మాట అది.

"ఎందుకు రావు మామ్మా?"

"నలభై ఏళ్ళు ఏటినుంచి మెరకకి నీళ్ళు మోశాను నాయనా. మోకాళ్ళు అరిగిపోయాయి. నువ్వేదో వాగావు, ఊరు దిగింది. ఊరికి కష్టమే అయింది గాని నాకు మాత్రం సుఖంగా ఉంది. ఇప్పుడు మళ్ళీ ఎక్కమంటే నేనెందుకెక్కాలి?"

తన నివేదికలోని నీటివసతి ముక్క పూర్తిగా అబద్ధం కాదని లిండెమాన్‌కి అప్పుడు తెలిసింది. ఇరవై ఏడింట ఒక వంతు నిజం. తెలిసి ఏం లాభం.

"ఏరొస్తుంది మామ్మా."

"వస్తుంది. నాకు తెలీదూ? నువ్వు పుట్టకముందు నుంచీ చూస్తున్నాను దాన్ని."

"మునుగుతావు."

"ఇంకా మునగలేదుగా."

"నేను ఆజ్ఞ ఇచ్చాను."

"ఇచ్చావు. కెర్తో వచ్చి చెప్పాడు. బాగుంది."

ఆయనకి కోపం రాలేదు. వస్తే బాగుండునని చూశాడు. జుట్టుపట్టి లాక్కెళ్ళమంటే కెర్తో మనుషులు లాక్కెళ్తారు. మళ్ళీ ఇంకో దొరమాట అవుతుంది. అందుకని కోళ్ళగంప బోర్లించుకుని దానిమీద కూర్చుని బేరం మొదలెట్టాడు. పొద్దున మొదలైన బేరం మధ్యాహ్నం ఎండ దిగేదాకా సాగింది. పైన చెరువు తవ్విస్తానన్నాడు. చెరువులు తవ్విస్తామన్న దొరలని నలుగురిని చూశానంది. కోళ్ళకి గూడు కట్టిస్తానన్నాడు. తన కోళ్ళు గూట్లో ఉండవంది. చివరికి ఇద్దరూ ఒక మాట మీదికొచ్చారు. గుమ్మానికి పది అడుగుల దూరంలో ఒక కర్ర పాతాలి. ఏరు ఆ కర్రని ముట్టుకుంటే ఆమె ఎక్కుతుంది. అప్పటిదాకా ఆమె జోలికి ఎవరూ రాకూడదు. ఎక్కాక రోజూ రెండు బిందెల నీళ్ళు ఊరి మగవాళ్ళు వంతులవారీగా తెచ్చిపెట్టాలి. లిండెమాన్ కర్రని తానే పాతాడు. వంకరగా పాతావని ఆవిడ పీకి మళ్ళీ పాతింది.

డిసెంబరు పదకొండున వానలు దిగాయి. లిండెమాన్ నలభైమందిని బొంగులతో సహా మెరక అంచున సిద్ధంగా పెట్టి, తాను విడిదిలో మకాం వేశాడు. రెండురోజులు కర్రకీ నీటికీ మధ్య దూరం చూస్తూ గడిపాడు. సర్కారు కొలువులో అంత శ్రద్ధగా దేన్నీ చూడలేదు. మూడోనాటి మధ్యాహ్నం ఏరు కర్రని నాకింది. సదినా గుమ్మంలోంచి చూసి, లోపలికెళ్ళి, కోళ్ళని బుట్టలో పెట్టుకుని బయటికొచ్చింది. నలభైమంది దిగొచ్చేసరికే మోకాలి లోతైన నీళ్ళలో ఇల్లెత్తారు. పాటలో ఈసారి కొన్ని బూతులున్నాయి, అన్నీ దొరల మీదే. లిండెమాన్ అర్థం కానట్టు నిలబడ్డాడు. తల్లిభాష కాబట్టి ప్రతిమాటా అర్థమైంది. ఇల్లు మెరకెక్కేసరికి కర్ర కనపడలేదు. తెల్లారేసరికి పల్లమంతా ఏరే.

ఆ వారంలోనే రెసిడెంటు జవాబొచ్చింది. రెండు వాక్యాలు. సిఫారసు వెనక్కి తీసుకున్నామని ఒకటి. అధికారి తన మాటని అదుపులో పెట్టుకోలేనప్పుడు హోదా పెంచడం ప్రమాదకరమని ఒకటి. రెండో వాక్యంతో లిండెమాన్ పూర్తిగా ఏకీభవించాడు. మొదటి వాక్యం మీద వారం రోజులు సరిగ్గా అన్నం తినలేదు. ఆయన మహాత్ముడు కాడు. ఆ కుర్చీ ఆయనకి కావాలి, పంతొమ్మిదేళ్ళుగా కావాలి. రాలేదు.

ఆ తర్వాత తొమ్మిదేళ్ళు కంట్రోలర్‌గానే ఉన్నాడు. తనిఖీల్లో నోరు మూసుకోవడం నేర్చుకున్నాడు. వంట బాగుందనడు, చెట్టు బాగుందనడు. దాంతో దొరకి కోపమొచ్చిందని భయపడి ఒక ఊరివాళ్ళు రోడ్డుకి రెండుసార్లు సున్నం రాళ్ళు వేశారు. మౌనం కూడా ఆజ్ఞే అని తెలిశాక మళ్ళీ మాట్లాడటం మొదలెట్టాడు, ఈసారి మిరపకాయల ధర గురించీ, తన నడుం నొప్పి గురించీ మాత్రమే. నడుం నొప్పికి పన్నెండు రకాల నూనెలొచ్చాయి.

నిజంగా ఏదైనా తెలుసుకోవలసి వస్తే కరంగ్‌సోకాలో సదినా దగ్గరికి వెళ్ళేవాడు. కాలవ ఇటు తీయాలా, అటా? వంతెన ఇక్కడ నిలుస్తుందా? ఆవిడ పదింట్లో ఏడింటిని వద్దనేది. జిల్లా మొత్తానికి ఆయనకున్న నమ్మదగ్గ నివేదిక అదొక్కటే.

1896లో పింఛను కాగితాలొచ్చాయి. రుబియమ్ అప్పటికి పోయింది. సెమరాంగ్‌లో ఎవరూ లేరు. కొండ కింద ఒక ఇల్లు కట్టుకుని మిగిలిన రోజులు అక్కడే గడుపుదామని ఆయన కోరిక. కరంగ్‌సోకా వెళ్ళి, గొడుగు మనిషి లేకుండా, సదినా గుమ్మం ముందు కూర్చున్నాడు.

"మామ్మా, మీ ఊళ్ళో ఇల్లు కట్టుకుందామనుకుంటున్నాను. ఏమంటావు?"

సదినా వక్క నములుతూ ఆయన్ని పైనుంచి కిందిదాకా చూసింది.

"ఇక్కడొద్దు," అంది.

లిండెమాన్ తలూపి లేచాడు. పక్క ఊళ్ళో కట్టుకున్నాడు.